ఎలుకల కబురు

మా దొరల గడి వెనుక గదిలో అద్దెకున్న కెమిస్ట్రీ సారు ఆదివారాలు గాజుకడ్డీతో సీసా లోపలి గోడను గీకుతూ కూర్చునేవాడు. అలా గీకితే ద్రావణంలోని పదార్థం స్ఫటికాలుగా దిగుతుంది. నేను చూస్తూ నిలబడితే, "దిగనీయుండ్రి దొరా" అనేవాడు. క్యాన్సర్‌కు పనికొస్తాయేమోనని కొత్త పదార్థాలు తయారుచేసి హైదరాబాదుకు పంపేవాడు. అక్కడ గడ్డలున్న ఎలుకలకు వాటిని ఎక్కించి చూసేవారు.

మా అవ్వకు రొమ్ములో గడ్డ ముదిరి డాక్టర్లు చేతులెత్తేశారు. మా వంశంలో ఒకరిని అడిగిన వాళ్లు లేరు. నేను సారు గుమ్మం ముందు నిలబడి ఆ మందు ఇమ్మని అడిగాను.

"ఇయ్యను దొరా. గడ్డ కరిగింది గని, ఎలుకలు బతుకలే."

ఆ మాట అవ్వకు మీరే చెప్పండన్నాను. వచ్చి చెప్పాడు.

"ఎట్లైనా పోయేదాన్నే గద సారూ. నీ ఎలుకలకన్న తీసిపోయిన్నా?" అన్నది అవ్వ.

"అవి శాన తిప్పలపడి సచ్చినయి దొరసానీ. మీకు పెట్టలేను."

చూడవచ్చిన చుట్టాలు నయమవుతుందంటే అవ్వ గోడవైపు తిరిగేది. సారు వస్తే మాత్రం కొంగు సర్దుకొని లేచి కూర్చునేది.

"ఎలుకలెట్లున్నయి?"

"మంచిగ లేవు దొరసానీ."

అవ్వ ఇక లేవలేని రోజుల్లో ఆయన ఒకనాడు కాలేజీ నుంచి నేరుగా వచ్చాడు. "ఈసారి బతికినయి. అది మనుషులకు మందు కావాలంటె ఇంక ఏండ్లు పడుతది."

నాకు ఒళ్లు మండింది. అవ్వ మాత్రం నెమ్మదిగా అడిగింది. "నాకందదని నాకే చెప్పవస్తివా?"

"ఇంకెవ్వరికి చెప్పాలె దొరసానీ? రోజూ అడిగింది మీరొక్కరే."