ఒటకర్ గారి కాఫీ

న్యాయమూర్తి జవదిల్ గారికి ఉన్న పిచ్చి ఒక్కటే, చచ్చిపోయిన మనిషికి కాఫీ పోయడం. రాజ్యాంగ న్యాయస్థానంలో తీర్పు మీద చర్చకు కూర్చున్నప్పుడల్లా, కీర్తిశేషులైన న్యాయమూర్తి ఒటకర్ గారి ఖాళీ కుర్చీ ముందు ఓ కప్పు, ఓ తియ్యని కోలాచ్ రొట్టె పెట్టి, చెవి అటు వంచేవారు. “ఒటకర్ గారు అడుగుతున్నారూ...” అని మొదలుపెట్టేవారు. చర్చ ముగిసేసరికి కప్పు ఖాళీ.

“ఆయన పోయి పుష్కరం దాటిందయ్యా!” అని ప్రధాన న్యాయమూర్తి మ్రాచెక్ నెత్తి కొట్టుకునేవారు.

“పోయినవాళ్ళకి ఓటు లేదు, ఒప్పుకుంటాను. ప్రశ్న అడక్కూడదని ఏ చట్టంలో ఉందండీ?”

మ్రాచెక్ ఒకసారి ఆ కుర్చీ తీయించారు. వారం తిరక్కుండా మెడ పట్టేసింది. కుర్చీ తిరిగొచ్చింది. దెయ్యాల్లేవని వాదించే ఆ పెద్దమనిషి అప్పట్నుంచి దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

అందరికంటే ఎక్కువ హడలిపోయింది కొత్తగా చేరిన న్యాయమూర్తి రాద్కా. పెద్దల ముందు ఆమెకు నోరు పెగిలేది కాదు. తన గదిలో చలికాచుకునే పొయ్యి పక్కన కూర్చుని ఒంటరిగా చెప్పుకున్న మాటల్నే ఆ కుర్చీ పొల్లు పోకుండా అప్పజెబుతుంటే వెన్నులో చలి పుట్టేది.

ఆ నవంబరులో నానా అనే ఆవిడ కేసు వచ్చింది. ఆవిడది జార్జియా దేశం. ఆరేళ్ళ కూతురు అనేష్కా మాత్రం ఇక్కడి పౌరురాలు. ఉండనిచ్చిన గడువు తీరింది కనుక తల్లి దేశం వదలాలంది ఇక్కడి చట్టం. తల్లి వెళితే పిల్లా వెళ్ళాల్సిందే. యూరప్ చట్టం చూస్తే అలా పంపకూడదన్నట్టుంది. చర్చ నాటికి పొగమంచు ఎదురుగా ఉన్న చర్చిని కూడా మింగేసింది.

“మన రాజ్యాంగం మనది. లక్సెంబర్గ్‌లోని యూరప్ కోర్టు మనకు చెప్పేదేంటి?” అని మ్రాచెక్ బల్ల చరిచారు.

“యూరప్ యూనియన్లో చేరినప్పుడు సంతకం పెట్టాం కదండీ. వాళ్ళదే పైమాట,” అన్నారు పక్కాయన.

జవదిల్ గారు చెవి వంచారు. రాద్కా బిగుసుకుపోయింది.

“ఒటకర్ గారు ఇవాళ ఏమీ మాట్లాడటం లేదండీ,” అన్నారాయన.

మ్రాచెక్ ఓటింగుకు చెయ్యెత్తారు. ఎక్కువమంది ఆయన వైపే. ఇక నానా పెట్టె సర్దుకోవడమే మిగిలింది.

“ఆగండి!” అంది రాద్కా. తన గొంతు తనకే కొత్తగా ఉంది. “రెండు చట్టాలూ కొట్టుకుంటున్నాయని మనమెందుకనుకోవాలి? బిడ్డను కాపాడమని మన రాజ్యాంగమూ అంటోందిగా! లక్సెంబర్గ్ కోర్టు అభిప్రాయం అడుగుదాం. ఆ పిల్ల హక్కు దగ్గర మాత్రం మేం మెట్టు దిగమని కూడా అందులోనే రాద్దాం. జవాబొచ్చేదాకా తల్లిని కదపొద్దు.”

మ్రాచెక్ ఏదో అనబోయి, కుర్చీ వైపు చూసి, మెడ తడుముకున్నారు. “అడగడంలో తప్పులేదులే,” అన్నారు.

రాద్కా గదికెళ్ళి పొయ్యిలో కట్టె వేసిందో లేదో, పొయ్యి మాట్లాడింది. “బాగా చెప్పావమ్మాయ్!”

రాద్కా ఉలిక్కిపడి పక్కగదిలోకి పరుగెత్తింది. రెండు గదులకూ గోడ మధ్య ఒకటే పొయ్యి. అవతలి వైపు జవదిల్ గారు దానివైపు చెవి వంచి, ఒటకర్ గారి కోలాచ్ తింటున్నారు.

“ఇన్నాళ్ళూ వింటున్నది మీరా!”

“నువ్వంటే వాళ్ళు నవ్వేవాళ్ళు. చచ్చినవాడి మాటకి ఎవడూ నవ్వడుగా.”

“మరి ఇవాళ నోరు మూసుకున్నారేం?”

“ఆయనకి ఓటు లేదమ్మాయ్. నీకుంది.”

రాద్కాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. “సరే, కోలాచ్ మీరు తింటున్నారు, కాఫీ కూడా మీరే తాగుతున్నారన్నమాట!”

ఆయన నమలడం ఆపారు. “కాఫీయా? నాకు గుండెదడ, ముట్టను. నువ్వు తాగుతున్నావనుకున్నానే!”

ఇద్దరూ మెల్లగా చర్చాగది వైపు చూశారు.

మళ్ళీ చర్చ పెట్టినప్పుడు ఒటకర్ గారి కప్పులో కాఫీ రాద్కాయే పోసింది. కాస్త చక్కెర కూడా వేసింది.