ఆ అబ్బాయి పిలిచిన నాని

మొన్న ఆదివారం మా అమ్మాయి గది దులపబోయి చీవాట్లు తిన్నాను. కాలేజీలో చదివే పిల్ల బల్ల మీద జానెడేసి బొమ్మలు బారులు తీరి ఉంటాయి. ఒకదానికి గులాబీ రంగు జుట్టు, ఇంకొకదాని చేతిలో దానికంటే పొడుగు కత్తి. మరో రెండింటికి అట్టపెట్టెలోంచి బయటపడే యోగమే లేదు, పెట్టె విప్పితే విలువ పోతుందట. వాటిని బొమ్మలనకూడదు, ఫిగర్లనాలి. పక్కనున్న బొమ్మల పుస్తకాలు కామిక్సు కావు, మాంగా. అవే బొమ్మలు తెర మీద కదిలితే యానిమే. వీటి పిచ్చి పట్టినవాళ్ళు ఒటాకులు. అది తిట్టో బిరుదో నాకింకా తేలలేదు. ఇలా పాఠం చెబుతూనే, నేనొక మాంగా తీసి, దాన్ని తెరవాల్సిన తీరులోనే తిన్నగా కుడివైపు నుంచి తెరవడం చూసి, "నాని?!" అని అరిచింది. నాని ఎవరే అంటే, పగలబడి నవ్వి, జపాను భాషలో నాని అంటే "ఏంటీ?" అని అర్థం అమ్మా అంది.

చేతిలో దులుపుడు గుడ్డతోనే మంచం మీద కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ మాట మీద నేనూ, నా చిన్ననాటి నేస్తమూ జుట్లు పట్టుకున్నాం.

మా నాన్నగారికి కంచన్‌బాగ్‌లో ఉద్యోగం రావడంతో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంటి మేడ మీద అద్దెకు దిగాం. కింద ఇంటివాళ్ళు. వాళ్ళమ్మాయి నా ఈడుదే. దాని ఉర్దూ వాచకం కుడివైపు నుంచే తెరుచుకునేది, పక్కన కూర్చుని చూసీ చూసీ నా చేతికీ ఆ అలవాటు వచ్చేసింది. వాళ్ళింట్లో దాని అమ్మమ్మ ఉండేది. ఉర్దూలో అమ్మమ్మను నానీ అంటారు కదా. మా ఇంట్లో ఐదేళ్ళ మా తమ్ముడి ముద్దుపేరు నాని. మా అమ్మ మేడ మీంచి నానీ అని కేకేస్తే కింద పాన్‌దాన్ ముందేసుకుని తమలపాకులకు సున్నం రాసే ముసలావిడా, వాకిట్లో గోళీలాడే మా తమ్ముడూ ఇద్దరూ పలికేవారు. ఆ పలకడం మీద రెండిళ్ళవాళ్ళమూ రోజూ నవ్వుకునేవాళ్ళం.

అలాంటి ఆవిడ ఒకరోజు మూట కట్టుకుని గుల్బర్గాలో కొడుకింటికి వెళ్ళిపోయింది. ఆవిడ చేసిన పప్పులో పులుపు ఎక్కువైందని చుట్టాల ముందు అల్లుడు అన్నాడట, అంతే. పులుపు సాకే అయి ఉంటుంది, పెద్దవాళ్ళ అలకలకు అసలు కారణాలు పిల్లలకు ఎవరు చెబుతారు గనుక. పుట్టినప్పటి నుంచీ అమ్మమ్మ పక్కలోనే పడుకున్న నా నేస్తం మాత్రం చిక్కి సగమైంది. నానీ ఎప్పుడొస్తుందని అడిగితే వాళ్ళమ్మ కళ్ళొత్తుకునేది, వాళ్ళ నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవారు. పిలవడానికి ఈయనకు నామోషీ, పిలవకుండా రావడానికి ఆవిడకు పట్టుదల.

సరిగ్గా అప్పుడే నాన్నగారి ఆఫీసులో ఒకాయన ఏదో యంత్రం పని మీద జపాను వెళ్ళివస్తూ, పిల్లల కోసం ఒక వీడియో క్యాసెట్టూ, తాళం చెవులకు తగిలించుకునే బొటనవేలంత రబ్బరు బొమ్మా తెచ్చిచ్చారు. క్యాసెట్టు మాది, సౌదీలో ఉన్న నా నేస్తం చిన్నాన్న పంపిన వీసీఆర్ వాళ్ళది. అక్కడి టేపు మన మిషన్‌కు సరిపడక రంగులు పోయి, బొమ్మ కిందికీ పైకీ దొర్లుతూ వచ్చేది. అయినా కళ్ళార్పకుండా చూశాం. ముఖంలో సగం కళ్ళే ఉన్న ఒక అబ్బాయి కొండలూ రైళ్ళూ దాటి ఎక్కడికో పోతుంటాడు, మాటిమాటికీ ఉలిక్కిపడి "నానీ!" అని అరుస్తాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆ ఒక్క మాట మాత్రం మాకిద్దరికీ బాగా తెలుసు. వాడు తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటున్నాడని నేను తేల్చేశాను.

"అరె, నీ తమ్ముని ఫికర్ గానికెందుకు? వాడు వాళ్ళ నానీని పిలుస్తుండు!" అని నా నేస్తం లేచి నిలబడింది. వాళ్ళు హై, హై అంటున్నారు చూడు, అది మా ఉర్దూయే కదా అని వాదించింది. చివరికి జుట్లు పట్టుకునేదాకా వచ్చింది లొల్లి. మధ్యలో మా తమ్ముడొకడు. టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ అబ్బాయి అరిచిన ప్రతిసారీ ఓపిగ్గా "ఏంటీ?" అని పలికేవాడు. ఆ గదిలో జపాను భాష వచ్చినవాడు వాడొక్కడేనని ఇన్నేళ్ళకు తెలిసి, ఒక్కదాన్నే కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాను.

టేపు సగంలోనే అయిపోయింది. ఆ అబ్బాయి ఒక వంతెన మీద నిలబడి, గొంతు చించుకుని నానీ అని అరుస్తాడు, అంతే, తెర నిండా చుక్కలు. నా నేస్తం వెనక్కి తిప్పి తిప్పి చూసింది. దొరికిందా లేదా అని ఏడ్చింది. తమ్ముడు గిమ్ముడు అని వాదించే బుద్ధి నాకు ఆ క్షణాన పోయింది. వాడు అంత గట్టిగా పిలిచాడు గనుక తప్పకుండా వచ్చే ఉంటుంది అన్నాను.

ఆ మాట దానికి బాగా పట్టినట్టుంది. మర్నాడు బడి నుంచి వస్తూ నన్ను ఎస్టీడీ బూత్‌కు లాక్కుపోయింది. గుల్బర్గాలో మామ ఇంటి ఎదురు దుకాణం నంబరు దానికి కంఠతా వచ్చు. దుకాణదారు ముసలావిడను పిలుచుకొచ్చేదాకా మీటరు వైపు చూస్తూ బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాం. తీరా ఆవిడ హలో అనేసరికి దీనికి అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. టేపులో అబ్బాయి అరిచినట్టే, అదే ఉలికిపాటుతో, వీధంతా తిరిగి చూసేలా "నానీ!" అని ఒక్క కేక పెట్టి ఫోను పెట్టేసింది.

కొంప మునిగిందనుకుని ఆవిడ మరుసటి రోజు పొద్దున్నే బుర్ఖా తిన్నగా సర్దుకోకుండానే ఆటో దిగింది. మనవరాలు గుమ్మంలో నిక్షేపంలా ఉండడం చూసి ముందు తిట్టింది, తర్వాత కావలించుకుని ఏడ్చింది. అల్లుడుగారు పేపరు పక్కన పెట్టి, తనే లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చారు. మళ్ళీ వెళ్ళకుండా కాపలా ఉంటుందని నా రబ్బరు బొమ్మను ఆవిడ తాళాల గుత్తికి మేమిద్దరమే కట్టాం. ఆవిడ వేళ్ళ సున్నం తగిలి తగిలి దాని కళ్ళూ ముక్కూ అరిగిపోయాయి. మా అమ్మాయి లెక్కలో దాని విలువ సున్నా.

ఇప్పుడు ఏ మాటకు ఆ మాట అర్థం తెర అడుగున పడిపోతుంది, సగంలో ఆగే కథలూ లేవు. మంచిదే, కాదనను. కానీ అర్థం తెలియని కథలో ఎవరి మనిషిని వాళ్ళు వెతుక్కోవడం మా అమ్మాయికి ఎలా చెప్పను? ఆ సాయంత్రం ఉండబట్టలేక టోలిచౌకిలో ఉన్న నా నేస్తానికి ఫోన్ చేశాను. మన వాదనలో ఇద్దరమూ ఓడిపోయామే, నాని అంటే ఏంటో తెలుసా అని అడగబోతున్నాను. అంతలో అటువైపు నుంచి ఎవరో పసిపిల్ల "నానీ!" అని గట్టిగా అరిచింది. నా నేస్తం కూతురి కూతురే.

"క్యా?" అని, ఆనాటి మా తమ్ముడి "ఏంటీ?"లాగే ఓపిగ్గా పలికింది నా నేస్తం.

ఆ తర్వాత మళ్ళీ ఫోన్లోకి వచ్చి, ఎందుకు ఫోన్ చేసినవ్ అని అడిగింది. ఏం లేదు, ఊరికే అన్నాను.