ఏడో మరక

మేం వలస వచ్చిన ఈ దేశంలో, పాపకూర అనే ఊరు దాటాక, ఆ ప్రాంతపు పాత బట్టలూ పనిముట్లూ దాచే చిన్న మ్యూజియం ఉంది. గురువారాలు అక్కడ జీతం లేని పని చేస్తాను. ఒక్కో బట్టనూ బల్ల మీద పరిచి గుండీలు, చిరుగులు, మరకలు లెక్కపెట్టి రిజిస్టరులో రాయాలి. నా చదువు పదితోనే ఆగింది, లెక్క మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. నేను రాసిన అంకెను మరొకరు సరిచూడరు.

ఆ రోజు బల్ల మీద ఉన్నది తెల్లని లేసు గౌను. పసిబిడ్డకు చర్చిలో పేరు పెట్టేటప్పుడు తొడిగేది, నూరేళ్లు పైబడింది. దగ్గర్లోని పాడిరైతుల ఇంటి పెద్దావిడ ప్రదర్శనకు ఇచ్చింది. బాగా చూసుకుంటే మ్యూజియానికే ఇచ్చేస్తానంది. గ్లవ్స్‌కు లేసు చిక్కుకుంటుందని, కడిగిన ఉత్తచేతులతోనే పట్టుకోవాలి. ముందువైపు చూసి రాశాను: మరకలు ఆరు. వెనక్కి తిప్పి, అలవాటుగా మళ్లీ ముందుకు తిప్పి చూశాను. ఏడు.

అంచు దగ్గర, మూడు మిల్లీమీటర్లు. పసుపు రంగు.

నా బొటనవేలు చూసుకున్నాను. గోరు మూలన పసుపు. పొద్దున మా అమ్మాయి ఉద్యోగానికి వేసుకెళ్లే కొత్త కోటుకు, కాలర్ లోపల నేనే పెట్టాను. పసుపు పెట్టనిదే మా ఇంట్లో కొత్త బట్ట ఒంటి మీదికి రాదు. రెండుసార్లు చేతులు కడిగినా అక్కడ మిగిలింది.

బయటికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను.

"సబ్బు మాత్రం పెట్టకండి, ఎర్రబడుతుంది" అంది మా ఆవిడ. "ఎండలో ఆరేస్తే పోతుందిగా. దానికింత కంగారేమిటండీ?"

"ఎండ తగలకూడదనేగా ఇక్కడ కిటికీలకు నల్లగుడ్డలు కట్టింది!"

"అయితే నన్నడిగి ఏం లాభం? వెళ్లి చెప్పండి."

లోపలికి వచ్చాను. రిజిస్టరులో ఆరు పెన్సిలుతోనే ఉంది. దాన్ని ఏడు చేస్తే చాలు, నూరేళ్ల మరకల్లో నాదీ కలిసిపోతుంది. పెన్సిలు ఆ అంకె మీద ఆనించాను కూడా. చెయ్యి కదల్లేదు. ఇది దిద్దితే, ఇంతవరకూ రాసిన వాటిని రేపు నేనే నమ్మలేను.

మ్యూజియం చూసుకునే ఆవిడను పిలిచి చూపించాను. భూతద్దం పెట్టి చూసింది. పెద్దావిడకు ఫోన్ కలిపి, నా చేతికిచ్చింది. అంతా చెప్పాను.

"పసుపంటే, కూరలో వేసేదా?"

"అదేనండీ. కొత్త బట్టకు మంచి జరగాలని పెడతాం."

"అది కొత్తది కాదుగా!"

"కాదండీ."

"పోతుందా?"

"ఎండలో పోతుంది. కానీ ఎండకు లేసు పాడవుతుంది."

"అయితే ఉండనివ్వండి. ప్రదర్శన కాగానే మాత్రం ఇంటికి పంపేయండి."

ఆరును అలాగే ఉంచి కింద రాశాను: ఏడోది పసుపు, మూడు మిల్లీమీటర్లు, నా వేలిది. సంతకం పెట్టాను.

నన్ను మానేయమనలేదు. కానీ ఇప్పుడు గురువారం తలుపు తీస్తూనే మ్యూజియం ఆవిడ "చేతులు" అంటుంది. నవ్వుతూ అంటుందో లేదో, నేను ముఖం వైపు చూడను. కారులోనే ఒకసారి పరీక్షించుకుని వచ్చిన పది వేళ్లూ చాపుతాను.