గోరింక పిల్లకు బెల్లం నీళ్ళు

ఈ రోజు పొద్దున్న మా పెంకుటింటి చూరులోంచి గోరింక పిల్ల ఒకటి కింద పడింది. చెప్పుల అట్టపెట్టెలో పాతగుడ్డ పరిచి పడుకోబెట్టాను.

"నీరసంగా ఉన్నాదే, బెల్లం నీళ్ళు పట్టు. సత్తువ వత్తాది" అంది మా అత్త.

అనకాపల్లి వాళ్ళం కదా, మాకు అన్నిటికీ అదే మందు. దూదితో పట్టాను. సగం దాని మెడ మీదే ఒలికింది.

మధ్యాహ్నం మూత తీసేసరికి పెట్టె నిండా ఎర్రచీమలు. పిల్ల కళ్ళ చుట్టూ కూడా అవే. అరుపు లేదు, కదలిక లేదు.

"చచ్చిపోయిందేటత్తా?"

"ఏడుపు తరవాత, ముందు సీమలు దులుపు!"

ఒక్కొక్కటే ఏరాను. కంటి మీది చీమను తీశాక, పిల్ల నోరు ఇంత చేసి తెరిచింది.

ఇప్పుడు మళ్ళీ ఆకలని అరుస్తోంది. ఆ నోట్లో ఏం వెయ్యాలన్నా నాకు భయంగా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి. మా ఊరివాళ్ళు మాత్రం వద్దు.