రోజుకు తొమ్మిది కిలోమీటర్లు

ముందు పోయినవి చెప్తాను. కారుకు పెట్టిన లక్షా ఎనభై ఐదు వేలు. మెకానిక్కుల చేతిలో పోసిన పదకొండు వేల నాలుగు వందలు. ఆరు వందల పన్నెండు రోజుల మనశ్శాంతి. అందులో మా ఆవిడ పార్వతి నాతో ఒక్క మాటా మాట్లాడని నలభై రెండు రోజులు. ఒక బావమరిది.

దెయ్యాలను నేను నమ్మను. ఇదంతా జరిగాక కూడా నమ్మను. హుగ్లీ ఒడ్డున వాట్‌గంజ్ రేవులో ముప్పై ఏళ్లుగా టాలీ గుమస్తాను. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం నా పని. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. శాతాలూ సగటులూ ఆ బస్తాల దగ్గరే సొంతంగా నేర్చుకున్నాను. లెక్క తేడా వచ్చిందంటే ఎవడో తీశాడని అర్థం. ముప్పై ఏళ్లలో ఈ సూత్రం నాకు ఒక్కసారీ తప్పలేదు. నా కొంప ముంచింది కూడా ఇదే.

మా ఇల్లు సంత్రాగాఛిలో. అక్కడి నుంచి రేవుకు పదకొండు కిలోమీటర్లు, రెండు బస్సులు. యాభై దాటాక మోకాళ్లు ఆ బస్సుల్లో నిలబడలేమన్నాయి. పాత కారు ఒకటి కొందామనుకున్నాను. తోడు మా బావమరిది చిన్నారావు. అదే రేవులో క్రేను తోలుతాడు. పెళ్లి చేసుకోలేదు. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లోనే తిండీ పడకా.

మూడు ఆదివారాలు తిరిగి పదకొండు కార్లు చూశాం. నేను కాగితం మీద గడులు గీశాను. ధర, నడిచిన దూరం, టైర్లు, ఇన్సూరెన్సు. ఒక్కొక్కదానికి పదేసి మార్కులు. మీటరు యాభై వేలు దాటిన బండిని ముట్టుకోనని అందరికీ చెప్పాను. చిన్నారావు నా పెన్ను లాక్కుని చివర ఇంకో గడి గీసి, పైన 'సరదా' అని రాశాడు.

"రోజూ తోలీ బండి బావా. ఎక్కగానే నవ్వు రావాల."

"నవ్వు లీటరుకెంత ఇస్తాదిరా?" అన్నాను.

మెటియాబ్రుజ్ వెళ్లే దారిలో ఒక పాత కార్ల షెడ్డులో దొరికింది. చిన్న ఎర్ర కారు. మీటరు 41,320. హుగ్లీ మీది పెద్ద వంతెన ఎక్కించి మూడో గేరు వేశాను. వెనక నుంచి ఎవరో నెట్టినట్టు దూకింది. నాకు తెలియకుండానే నవ్వేశాను. చిన్నారావు తన గడిలో పదికి తొమ్మిది వేశాడు.

కారు నిలబెట్టేది మా ఆఫీసు ఆవరణలో, నా కిటికీకి ఎదురుగా. పొద్దున ఎనిమిదిన్నరకు దిగుతూ మీటరు రాసుకునేవాణ్ణి, సాయంత్రం ఐదున్నరకు ఎక్కుతూ మళ్లీ. నెలాఖరున కూడితే తేడా వచ్చింది. ఇరవై ఆరు పనిదినాలు. ప్రతి రోజూ నిలబెట్టిన బండి తొమ్మిది కిలోమీటర్లు నడిచింది. ఒక రోజు ఎనిమిది, ఒక రోజు పది కాదు. తొమ్మిదే.

నేను రోజంతా కిటికీ దగ్గర ఉండను, ఓడ మీదికి వెళ్తాను. రెండో తాళంచెవి చిన్నారావు దగ్గర ఉంది. వాడి షిఫ్టులు మారుతుంటాయి. ఇక వేరే ఆలోచన ఎందుకు? ఎవడో తీశాడు.

నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది, రాస్తాను. బిల్లు రాశాను. 234 కిలోమీటర్లు, లీటరుకు పదహారు చొప్పున 14.625 లీటర్లు, లీటరు నూట నాలుగు, మొత్తం 1,521 రూపాయలు. ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు కలుపుకుంటున్నవాడి కంచం పక్కన పెట్టాను.

"ఏటిది బావా?"

"చదువు."

చదివాడు. "నీ బండి నాను తీసినానా?"

"మీటరు చెప్తోంది."

"మీటరు సెప్తే నిజం, నాను సెప్తే అబద్దమేటి?"

వాడు చెయ్యి కడుక్కుని డబ్బు లెక్కపెట్టాడు. రూపాయి బిళ్ల తక్కువైతే పక్కింటికి వెళ్లి అడిగి తెచ్చాడు. డబ్బు మీద తాళంచెవి పెట్టి, సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. పార్వతి వాడి కంచం తీసింది. ఆ క్షణం నుంచి నాతో మాట మానేసింది.

మర్నాడు సాయంత్రం చూశాను. రెండు తాళంచెవులూ నా జేబులోనే ఉన్నాయి. తొమ్మిది.

దొంగతాళం చేయించుకున్నాడని తిట్టుకున్నాను. పొద్దున దిగేటప్పుడు బ్యాటరీ తీగ ఊడదీసి జేబులో వేసుకున్నాను. సాయంత్రం తగిలించి చూస్తే తొమ్మిది.

ముగ్గురు మెకానిక్కులకు చూపించాను. మీటరు సెన్సరు అన్నారు, మార్చారు. డబ్బు తీసుకుని "సబ్ ఠీక్ ఆఛే, దాదా" అన్నారు. నా బొంద ఠీక్. సెన్సరు తప్పయితే ఎక్కువ తిరిగిన రోజు ఎక్కువ, తక్కువ తిరిగిన రోజు తక్కువ తేడా రావాలి. దీఘా వెళ్లి బండిని సముద్రం పక్కన నిలబెట్టిన మధ్యాహ్నం తొమ్మిది. ఇంటి ముందు కదలని ఆదివారమూ తొమ్మిదే.

చివరికి ఒక ఆదివారం పొద్దున పదింటికి నాలుగు టైర్ల మీది నుంచి నేల దాకా సుద్దతో గీతలు గీశాను. రేవులో పెట్టెలు కదిలాయో లేదో అలాగే చూస్తాం. తలుపులు వేసుకుని, ఇంజను వేయకుండా మీటరు మాత్రం వెలిగేలా తాళం తిప్పి కూర్చున్నాను. మూడు గంటలు అంకె మీంచి చూపు తీయలేదు. అంకె కదల్లేదు.

ఒంటి గంటకు అద్దం చప్పుడైంది. పార్వతి టీ గ్లాసుతో నిలబడి ఉంది. నలభై రెండు రోజుల తర్వాత మొదటి మాట.

"ఎవులి కోసం కాపలా? వోడెల్లిపోనాడు కదా."

గ్లాసు అందుకోవడానికి తల తిప్పాను. మళ్లీ చూసేసరికి తొమ్మిది పెరిగి ఉంది. దిగి టైర్లు చూశాను. నాలుగు గీతలూ వెంట్రుకవాసి చెదరలేదు. పార్వతి లోపలికి వంగి అంకె చదివింది, నా నోటుబుక్కులో పదింటి అంకె చదివింది. భయపడలేదు. ఒకటే అడిగింది.

"మరి పెట్రోలు?"

పెట్రోలు లెక్క కూడా రాసేది నేనే. ఆ మొదటి నెల ఇంటికీ రేవుకీ తిరిగింది 572. తాగింది 35.75 లీటర్లు. సరిగ్గా లీటరుకు పదహారు. అంటే మిగతా 234 కిలోమీటర్లకు ఒక్క చుక్కా కాలలేదు. కాలని పెట్రోలుకు నేను బిల్లు వేశాను. బిల్లు రాసిన రోజున ఈ అంకెలన్నీ అదే పుస్తకంలో, తర్వాతి పేజీలో ఉన్నాయి. పేజీ తిప్పలేదు. బస్తా పోయిందని కూలీని పట్టుకున్నాను గానీ, తూకం చూడలేదు.

ఆ సాయంత్రమే కోపం పట్టలేక సీటు కింది తివాచీ పీకేశాను. దాని కింద ఆయిల్ మార్చిన కార్డు దొరికింది. నేను కొనడానికి ఏడాది ముందుది. మీటరు 74,860. నాకు అమ్మింది 41,320కి. తక్కువలో తక్కువ 33,540 కిలోమీటర్లు వెనక్కి తిప్పారు.

షెడ్డుకు వెళ్లి కార్డు ఆ అమ్మినవాడి ముఖాన కొట్టాను. వాడు ఏమాత్రం తొణకలేదు.

"యాభై వేలు దాటితే ముట్టుకోనన్నది మీరే కదా దాదా? అసలు అంకె ఉంచితే ఈ గేటు లోపలికి వచ్చేవారా?"

వాణ్ణి కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. కొట్టలేకపోయింది వాడన్నది నిజం కావడం వల్ల.

చిన్నారావు రేవు దగ్గరే క్రేనువాళ్ల గదిలో ఉంటున్నాడు. 1,521 రూపాయలూ పట్టుకెళ్లాను, అదే రూపాయి బిళ్లతో సహా. అంతా విన్నాడు. నవ్వాడు గానీ వంతెన మీద నాకొచ్చినలాంటి నవ్వు కాదది.

"అంటే, తన మీద రాసిన దొంగలెక్క అదే దిద్దుకుంటన్నాదన్నమాట. రోజుకి తొమ్మిది. నీకన్నా నయమే బావా."

"డబ్బు తీసుకోరా."

"ఒద్దు. నువ్వు నమ్మినాది మీటర్నే కదా, అదే పిలవాల నన్ను. దాని లెక్క తీరీ రోజుకి కబురెట్టు, వొస్తాను."

పార్వతి వెళ్లి పిలిచినా రాలేదు.

అమ్మేయమంటారు అందరూ. ఏ అంకె చెప్పి అమ్మను? రేవులో కుర్రాళ్లు బండికి నిమ్మకాయలు కట్టమంటారు. కట్టను. ఇది దెయ్యమని ఒప్పుకుంటే నా తప్పు దాని నెత్తిన వేసినట్టవుతుంది. చిన్నారావు వేసిన తొమ్మిది మార్కులకూ ఈ తొమ్మిదికీ సంబంధం ఉందని కూడా నేననను. ఎలా నడుస్తోందో తెలియదు, అంతే. ముప్పై ఏళ్ల నా లెక్కలో తేలనిది ఇదొక్కటే.

తెలిసినంతలో 33,540ని తొమ్మిదితో భాగిస్తే 3,726 రోజులు, పైన ఆరు కిలోమీటర్లు. ఆ చివరి రోజు ఆరే నడుస్తుందో లేదో చూడాలి. అప్పటికి నాకు అరవై రెండు దాటుతాయి. నేను నడిపిన దూరం వేరే పేజీలో రాస్తున్నాను, ఇందులో కలపను. ఇవాళ్టికి 612 రోజులు, జమ 5,508.

ఇంకా బాకీ 28,032 కిలోమీటర్లు.