పగలంతా ఆగని ట్రాక్టరు

మా బావ ట్రాక్టరు పొద్దున ఒకసారి లేచిందంటే పొద్దుగూకేదాకా ఆగదు. అదేదో పనిమంతురాలని కాదు, ఆపితే మళ్లీ లేవదని. ఆ ముసలి డీజిల్ బండికి ట్యాంకరు తగిలించి వీధివీధికీ నీళ్లు పోస్తాడాయన. నీళ్లు నింపేటప్పుడూ ఇంజన్ నడుస్తుంది, ఖాళీ చేసేటప్పుడూ నడుస్తుంది. మధ్యాహ్నం ఇంటికొస్తే వాకిట్లో నిలబడి నడుస్తూనే ఉంటుంది. బావ కంచం చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి, ఒక కన్ను దాని మీదే వేసి నాలుగు ముద్దలు మింగుతాడు. పొగ మాత్రం తిన్నగా మా అక్క వంటింట్లోకి వస్తుంది.

సాయంత్రం దాన్ని తెచ్చి ఇంటి ముందు సందులో పై చివర పెట్టేవాడు. సందు వాలుగా ఉండేది. పొద్దున్నే బ్రేకు వదిలి, కిందికి దొర్లుతుండగా గేరు వేసి క్లచ్ వదిలితే ఒక్క కుదుపుతో ఇంజన్ లేచేది. ఇలా దొర్లించి లేపడానికి కరెంటుతో పనిలేదు. కరెంటు కావలసింది సెల్ఫుకి. తాళం తిప్పగానే ఇంజన్ని తిప్పి లేపాల్సిన ఆ మోటారు, ఏళ్ల తరబడి ‘టక్’ అనడం తప్ప మరో మాట అన్న పాపాన పోలేదు.

నాకున్నది బండ్ల వైరింగ్ కొట్టు. ఊళ్లోవాళ్ల బండ్లన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి, సొంత బావ బండి తప్ప. ఆయన ముట్టుకోనివ్వడు. “నువ్వు కార్లకి హారన్లు పెట్టుకోరా వైరింగూ, ఇది ట్రాక్టరు” అంటాడు. తాళం తిప్పితే దీపాలు మసకబారుతున్నాయి కాబట్టి లోపం బ్యాటరీదేనని ఆయన తీర్పు. బ్యాటరీ మార్చాడు. టక్. ఇంకోటి మార్చాడు. టక్. మోటారు విప్పించి లోపలి చుట్ట కొత్తది కట్టించాడు, తాళం స్విచ్చు కూడా మార్చాడు. టక్. చివరికి “దీనికి సెల్ఫ్ అచ్చిరాలేదు” అని తేల్చేశాడు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

బద్ధకస్తుడనుకునేరు, కాదు. ఆ బండిని చూసుకున్నంత శ్రద్ధగా ఆయన తన ఒంటిని చూసుకోడు. ఏటా వానలు వెళ్లగానే పని మానేసి మరీ దానికి రంగు వేస్తాడు. పైపైన పూసే రకం కాదు. ఒక్కో బోల్టూ విప్పి, కింద గీకి, తుప్పు పట్టకుండా మందు పూసి, దాని మీద రెండు పూతలు ఎర్రరంగు వేసి, బాగా ఆరాక మళ్లీ బిగిస్తాడు. పక్క వీధివాళ్లు అది కొత్తదనుకుంటారు. లేవలేని దానికి అన్ని సింగారాలేమిటని నాకు ఒళ్లు మండేది.

కిందటి నెల రోడ్డు పనివాళ్లు వచ్చి సందు చదును చేసి సిమెంటు పోశారు. వాలు పోయింది. మర్నాడు పొద్దున బావ అలవాటుగా బ్రేకు వదిలాడు. బండి ఎక్కడిదక్కడే ఉంది. చుట్టుపక్కల వాళ్లని పిలిచి తోయించాడు. ఆ మర్నాడు సగం మందే వచ్చారు. ఆ తర్వాత బావ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, సందులో తలుపులన్నీ మూసుకునేవి.

అప్పుడు మా అక్క నా కొట్టుకొచ్చింది. పాత ఇనుము కొనేవాడిని రమ్మందట, రేపే వస్తాడట.

“ఆ సెల్ఫ్ పోయినప్పట్నుంచీ ఈయన పగటిపూట నా ఎదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదురా” అంది. “ఏం చెప్పాలన్నా ఆ మోతలో అరిచి చెప్పాలి. నా గొంతు ఇలాగే ఉండేదా, నువ్వే చెప్పు. అది తాళంతో లేవాలి, మధ్యాహ్నం ఆగాలి. ఆయన కూర్చుని తినాలి, నేను పక్కన కూర్చుని నాలుగు మాటలు మెల్లగా చెప్పుకోవాలి. అవుతుందంటే ఉంచుతా. కాదంటే రేపు తూకానికి పోతుంది.”

ఇంటికి వెళ్లేసరికి బావ మడ్గార్డు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. హారన్ల మాట ఎత్తలేదు. చూస్తే జాలేసింది. బావమరిది బతకగోరతాడని ఊరికే అనలేదు పెద్దలు.

మీటరు తీసి బ్యాటరీ చూశాను. నిండుగా ఉంది. “తాళం తిప్పు బావా” అన్నాను. కదల్లేదు. మళ్లీ అన్నాను. ఇంకా చక్రం వైపే చూస్తున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చి అరిస్తే అప్పుడు తిప్పాడు. ఈ పూట కూడా పంతమేనా అనుకున్నాను.

టక్. తాళం తిప్పి పట్టుకున్నా బ్యాటరీ పెద్దగా దిగలేదు. అంటే దానిలో సత్తువ ఉంది, ఆ సత్తువ మోటారుకి అందడం లేదు. మోటారుకి వెళ్లే లావు వైరు ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాను, నిక్షేపంగా ఉంది. ఇక మిగిలింది తిరుగుదారి. కరెంటు మోటారులోకి వెళ్తే సరిపోదు, ఇంజన్ ఇనుము గుండా మళ్లీ బ్యాటరీకి చేరాలి. చేర్చేది ఎర్త్ వైరు. దాని ఒక కొస బ్యాటరీకి, రెండో కొస బండి ఇనుముకి బోల్టుతో బిగించి ఉంటుంది. మీటరు ముల్లు ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజన్ మీద ఆనించి మళ్లీ తిప్పమని అరిచాను. ఇంచుమించు సున్నా ఉండాల్సిన చోట బ్యాటరీలో సగానికి పైగా చూపించింది. బోల్టు మీద వేలు పెడితే చుర్రుమంది.

విప్పాను. బండి ఇనుము మీద నున్నటి ఎర్రరంగు. వాషరుకి రెండు వైపులా ఎర్రరంగు. వైరు కొసన ఉన్న కడియం లాంటి రింగుకీ ఎర్రరంగే. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే.

“ఇక్కడ కూడా రంగేశావా బావా?” అని గొంతు చించుకుని అడిగాను.

“వెయ్యనా మరి? తుప్పు పట్టేది ముందు అక్కడే” అన్నాడు గర్వంగా. “ఏటా రెండు పూతలు.”

“రంగు కరెంటుని పోనివ్వదు మహానుభావా.”

“పోకపోతే దీపాలెలా వెలుగుతున్నాయిరా?”

“బోల్టు మరల్లోంచి కాస్త పోతోంది. దీపాలకి అది చాలు, సెల్ఫుకి చాలదు. తాళం తిప్పితే దీపాలు కూడా అందుకే డీలా పడుతున్నాయి.”

గరుకు కాగితం తీశానో లేదో నా చెయ్యి పట్టుకున్నాడు. గీకితే తుప్పు పడుతుందట. గీకి బిగించాక పైన గ్రీజు రాస్తానన్నాను. గ్రీజుకి దుమ్ము అంటుకుని అసహ్యంగా ఉంటుందట. రూపాయి బిళ్లంత చోటు కోసం తల ప్రాణం తోకకొచ్చింది. రేపు తూకానికి పోయే బండికి ఈ రోజు అందం చెడుతుందని బాధపడే మనిషికి ఏం చెప్పి చావాలి.

అక్క గుమ్మంలోంచి కేకేసింది. “పాత ఇనుము వాడు రంగు చూసి మురిసిపోతాడులెండి.”

బావ ఆ మాట విని నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. తనే వంగి గీకాడు. ఇనుము తెల్లగా బయటపడింది. వాషరూ రింగూ కూడా గీకి బిగించాం, పైన గ్రీజు రాశాను. బావ సీటెక్కి తాళం తిప్పాడు. టక్ అనలేదు. గిర్రున తిరిగి, పొగ కక్కి, ఇంజన్ లేచింది. బావ పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. విసుగంతా మరిచిపోయి నేనూ నవ్వాను.

“ఇంక ఆపు” అని సైగ చేశాను. తల అడ్డంగా ఊపాడు. అప్పుడే ఎందుకట, కాసేపు నడవనీ అట. ఆపడానికే కదా ఇంత చేసింది. కిందికి దిగి, నాకు వీపు పెట్టి, పనిముట్ల పెట్టె ముందు వంగి పానాలు తుడుచుకోవడం మొదలెట్టాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడు. అక్క చరచరా వచ్చి, ఇంజన్ ఆపే పిడి పట్టుకుని తనే లాగేసింది.

ఇంజన్ ఆగింది. సందు చివర ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు కూడా వినబడుతోంది. అక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన వెనక నిలబడి, నేను ఎప్పుడో మరిచిపోయిన మెత్తటి గొంతుతో అంది.

“లోపలికి రండి. ఇవాళ కూర్చుని తిందురుగాని.”

బావ పానా తుడుస్తూనే ఉన్నాడు. అక్క ఇంకాస్త దగ్గరికి వెళ్లి మళ్లీ అంది. నీడ పడటం చూసి ఆయన తలెత్తాడు.

“ఏంటే? గట్టిగా చెప్పు. ఈ మోతలో ఏం వినబడుతుంది?”

నేను ఆగి ఉన్న ఇంజన్ వైపు చూశాను. పొద్దున్నుంచీ నేను పంతమనుకున్నది పంతం కాదు. అక్క నా వైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. ఎన్నాళ్ల నుంచో దాచుకున్న ఆ మెత్తటి గొంతు రెండు మాటలకే పనికిరాకుండా పోయింది.

అంతలోనే ఊపిరి పీల్చుకుని, నిశ్శబ్దంగా ఉన్న ఆ వాకిట్లో, ఎప్పుడూ అరిచేటంత గట్టిగా అరిచింది. “భోజనం చల్లారిపోతోంది, కూర్చుందురుగాని రండి!”

“అరుస్తావెందుకే, వస్తున్నాగా” అని బావ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.