తుప్పు పాఠం

నేను నర్మెట్ట దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. నాకు తెలిసింది గోరంత, చెప్పేది కొండంత. మనం పీల్చే ఆక్సిజన్‌లో కొంత ఒంట్లో దూకుడుగా మారుతుందనీ, అది రక్తంలోని కొవ్వును పాడుచేస్తే ఆ కొవ్వు నాళాల గోడల్లో చేరి గుండెకు దారి మూస్తుందనీ చెప్పి, ఒంట్లో పట్టే తుప్పు ఇదేనంటూ తుప్పు పట్టిన మేకు ఒకటి గాల్లో ఊపేవాణ్ణి. పిల్లలు బెదిరిపోయేవాళ్లు. నాకు పరమానందంగా ఉండేది.

మా ఇంట్లో సర్కారు నౌకరి నాదొక్కడిదే. అందుకని బోరు ఎక్కడ వేయాలన్నా, ఏ విత్తనం కొనాలన్నా నన్నే అడుగుతారు. నేను చూపించిన చోట బోరు వేస్తే దుమ్ము లేచింది. అయినా అడగడం మానలేదు, నేను చెప్పడమూ మానలేదు.

మా తమ్ముడు పాలకుర్తిలో ఆటో నడుపుతాడు. వాడికి బీపీ ఉంది. ఒక ఆదివారం మా ఇంట్లో అన్నం తిని గోలీ వేసుకోబోతుంటే నాలోని సారు లేచాడు.

"గోలీలతోని ఏమైతదిరా? అసలు రోగం లోపలి తుప్పు. రోజు పొద్దుగాల ఉసిరికాయ రసం తాగు, ఆ తుప్పు పోతది."

"మరి గోలీ బంద్ చేయాల్నా అన్నా?"

తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట నేను ఏ క్లాసులోనూ అనలేదు.

"తుప్పే లేకుంటె గోలీ ఎందుకురా?" అన్నాను.

రెండు నెలలు నిష్ఠగా తాగాడు. ఒకరోజు ఆటో అడ్డా మీదే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. జనగామ దవాఖానకు నేను ఉరికేసరికి గండం గడిచింది. డాక్టరు మాత్రం మండిపడుతున్నాడు.

"ఉసిరి తాగితే తాగినవ్, గోలీ ఎందుకు ఆపినవ్? బీపీ పెరిగితే లోపల నాళాలు పాడైపోవుడు ఇంకా ఎక్కువైతది. ఎవరు ఆపుమన్నరు?"

తమ్ముడు నా వైపు చూడనే లేదు. "ఎవ్వలనలే సార్. నేనే మర్చిపోయిన."

నేను మంచం దగ్గరికి జరిగి, "నేనే ఆపుమన్న సార్. సైన్స్ టీచర్‌ను" అన్నాను. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, చీటీ మీద గోలీ పేరు మళ్లీ రాసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. తమ్ముడు సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే నా చొక్కా పట్టి లాగాడు.

"ఎందుకు చెప్పినవ్ అన్నా? అందరి ముందల నీ ఇజ్జత్ పాయె గద."